కూలీల గంటలు, ఓటీ, వారం బట్వాడా లెక్క కట్టే ప్రోగ్రామ్: 9.45 అని రాస్తే కంప్యూటర్‌కి అది తొమ్మిదింముప్పావు కాదు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తా, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూస్కో. తిరుపతిలో డిగ్రీ చదువుతా ఉండావు, చిత్తూరు పక్కన మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి మీ మామ లేబర్ని పెడతాడు, సీజన్లో ఎనభై మంది దాకా వస్తారు. వాళ్ళ గంటలు, ఓటీ (ఓవర్‌టైమ్), వారం బట్వాడా లెక్క కట్టడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశావు. వచ్చిన టైమ్ 20.10, పోయిన టైమ్ 6.25 అని తీస్కొని ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి, మైనస్ వస్తే 24 కలిపి, అరగంట బ్రేక్‌కి 0.30 తీసేసి, మిగిలిందాన్ని గంట రేటుతో గుణించావు. 8 గంటల కూలి 560, దాని పైన ఎంతసేపు చేస్తే అంతకీ డబుల్. వారం మొత్తం మామ నోటుబుక్కుతో ఇంచుమించు సరిపోతా ఉంది, కానీ కొంతమంది మాకు తక్కువొచ్చింది అంటా ఉండారు, ఎక్కడ తప్పో దొరకడం లేదు, ఇదీ నీ ప్రశ్న.

వాళ్ళు చెప్పేది నిజం తమ్ముడూ, తక్కువే వచ్చింది. ఇంకొంతమందికి ఎక్కువ వచ్చింది, వాళ్ళు అడగరు కాబట్టి నీకు తెలీలేదు, అంతే.

నువ్వు పెట్టిన అంకెలతోనే చూద్దాం. రాత్రి 8:10కి వచ్చి పొద్దున 6:25కి పోయినామె ఫ్యాక్టరీలో ఉన్నది 10 గంటల 15 నిమిషాలు, అరగంట తీసేస్తే 9 గంటల 45 నిమిషాలు, అంటే 8 గంటలు మామూలు, గంటాముప్పావు ఓటీ. గంటకి 70, ఓటీ గంటకి 140, కాబట్టి 560 కి 245 కలిపితే 805 రావాల. నీ ప్రోగ్రామ్ ఏం చేసింది? 6.25 లోంచి 20.10 తీసేసి 24 కలిపితే 10.15, అందులోంచి 0.30 తీసేస్తే 9.85. దాన్ని 9.85 గంటలు అనుకొని ఓటీ 1.85 ని 140 తో గుణించి 259 వేసింది, మొత్తం 819. పద్నాలుగు రూపాయలు ఎక్కువ.

ఇప్పుడు పగలు షిఫ్ట్‌లో పొద్దున 8:00కి వచ్చి సాయంత్రం 5:45కి పోయినాయన్ని చూడు. 9:45 లోంచి అరగంట పోతే 9 గంటల 15 నిమిషాలు, ఓటీ గంటంబావు, 560 కి 175 కలిపి 735 రావాల. నీ లెక్కలో 17.45 లోంచి 8.00 పోతే 9.45, దాంట్లోంచి 0.30 పోతే 9.15, ఓటీ 1.15 ని 140 తో గుణిస్తే 161, మొత్తం 721. పద్నాలుగు రూపాయలు తక్కువ.

ఇద్దర్నీ కలుపు. సరైన లెక్కలో 805, 735 కలిపి 1540. నీ లెక్కలో 819, 721 కలిపి అదే 1540. మామ మొత్తం చూసి సరిపోయింది అన్నాడు, మొత్తం సరిపోయింది కూడా, కానీ ఒకాయన డబ్బు ఇంకొకామె కవర్లోకి పోయింది. అందుకే నీకు తప్పు దొరకలేదు. ఇట్లాంటి ప్రోగ్రామ్‌ని ఎప్పుడూ మొత్తంతో చెక్ చెయ్యకూడదు, మనిషి మనిషికీ చెక్ చెయ్యాల, ఈ ఒక్కమాట గట్టిగా పట్టుకో.

కారణం నీకు ఇప్పటికే తెలిసుంటది. మనం చుక్క పెట్టి రాసే 9.45 లో చుక్క తర్వాత ఉండేది అరవైలో నలభై ఐదు, కంప్యూటర్ చూసేది వందలో నలభై ఐదు. తీసివేత చేసేటప్పుడు కూడా అంతే, నిమిషాలు చాలక గంట అప్పు తీస్కోవాల్సి వస్తే అది 60 బదులు 100 తీస్కుంటది. అప్పు తీస్కున్న రోజు ఒక మాదిరి, తీస్కోని రోజు ఇంకో మాదిరి తప్పొస్తది. నేను రేణిగుంట వైపు చిన్న యూనిట్లకి, తిరుపతిలో లాడ్జీలకి హాజరు లెక్కలు రాసిస్తా ఉంటా, ఎవరైనా ఇప్పటికే వాడతా ఉండే ప్రోగ్రామ్ నా దగ్గరికి తెస్తే మొట్టమొదట వెతికేది ఈ చుక్కనే.

దీనికి మందు ఒకటే, టైమ్‌ని లోపల నిమిషాల్లోకి మార్చేయ్. చుక్క పెట్టొద్దు, 20:10 అని కోలన్ పెట్టి టైప్ చేయించు, కోలన్ దగ్గర రెండు ముక్కలు చెయ్యి, రెండిట్నీ ఇంట్ (int) అనే ఫంక్షన్‌తో పూర్ణాంకాలు చేసుకో (ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌గా వస్తది, మార్చకుండా కలిపితే "20" "10" పక్కపక్కన అతుక్కొని "2010" అవుతది, కొత్తగా నేర్చుకునే వాళ్ళందరికీ తగిలే దెబ్బ ఇది), తర్వాత

నిమిషాలు = గంట × 60 + నిమిషం

20:10 అంటే 1210, 6:25 అంటే 385. పోయిన టైమ్ లోంచి వచ్చిన టైమ్ తీసేస్తే మైనస్ 825, దానికి రోజులో ఉండే 1440 నిమిషాలు కలిపితే 615. బ్రేక్ 30 తీసేస్తే 585. అన్నీ పూర్ణాంకాలే, ఎక్కడా చుక్క లేదు. స్లిప్ మీద గంటల్లో చూపించాలంటే 60తో భాగించి వచ్చిన భాగఫలం గంటలు, శేషం నిమిషాలు, పైథాన్‌లో రెండు స్లాష్‌లు, పర్సెంట్ గుర్తు, ఆ రెండే దానికి చాలు.

మైనస్ వస్తే 1440 కలుపు అని ఇఫ్ పెట్టొచ్చు, లేకపోతే నేరుగా 1440 తో శేషం తీస్తే పైథాన్ మైనస్ 825 కి కూడా 615 ఇస్తది. అయితే కాలేజీలో ఇదే ప్రోగ్రామ్‌ని సీలోనో జావాలోనో రాయమంటే జాగ్రత్త, అక్కడ శేషం మైనస్ 825 గానే వస్తది. సీలో ఇంకో గొడవ కూడా ఉండాది, 105 ని 60 తో భాగిస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి 1 వస్తది, ముప్పావుగంట మాయమైపోతది, ఏ ఎర్రర్ కూడా చూపించదు.

ఇప్పుడు 1440 కలిపే పద్ధతికి ఒక హద్దు ఉండాది. సీజన్లో తోతాపురి కాయ లోడు మీద లోడు దిగతా ఉంటే డబుల్ డ్యూటీలు, ఒక్కోసారి అంతకంటే జాస్తి కూడా చేస్తారు. పొద్దున 6కి వచ్చి మరుసటి రోజు పొద్దున 6కి పోతే నీ లెక్కలో సున్నా గంటలు వస్తది, 7కి పోతే ఒక గంట వస్తది. అందుకని టైమ్ ఒక్కటే కాకుండా తారీఖు కూడా తీస్కో, వచ్చినప్పుడు తారీఖు టైమ్, పోయినప్పుడు తారీఖు టైమ్. పైథాన్‌లో డేట్‌టైమ్ అనే మాడ్యూల్ దీనికే ఉండేది. దాంట్లో ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే టైమ్‌డెల్టా (రెండిటి మధ్య తేడా) వస్తది, దాని మీద సెకండ్స్ అని అడగొద్దు, అది రోజుల్ని పక్కన పెట్టేసి మిగతాది మాత్రమే ఇస్తది, 25 గంటలు చేసినాయనకి గంటే చూపిస్తది. టోటల్ సెకండ్స్ అనే ఫంక్షన్ వాడి 60తో భాగించు. మన దేశమంతా ఒకటే టైమ్, ఎండాకాలం గడియారం ముందుకి జరపడం లాంటివి లేవు కాబట్టి టైమ్‌జోన్ గురించి నువ్వు బుర్ర పాడుచేసుకోనవసరం లేదు.

రాత్రి షిఫ్ట్ ఏ రోజు ఖాతాలో పడాల అనేది కూడా చాలామందికి అనుమానం. మొదలుపెట్టిన రోజు ఖాతాలోనే. 2025 నవంబరు దాకా ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్లో ఇదే రాసుండేది, అర్ధరాత్రి దాటి పోయే షిఫ్ట్‌లో అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలు కూడా ముందు రోజువే. కాబట్టి శనివారం రాత్రి ఎక్కి ఆదివారం పొద్దున దిగినామె గంటలు శనివారంవి, ఆ వారం బట్వాడాలోనే రావాల. నువ్వు పన్నెండు గంటలకి ఒక గీత గీసి 4 గంటలు ఇటు 6 గంటలు అటు వేస్తే రెండు రోజుల్లో ఏ రోజూ 8 గంటలు దాటదు, ఓటీ మొత్తం ఎగిరిపోతది. చూడ్డానికి ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేస్తా ఉన్నట్టే ఉంటది, మనిషి మాత్రం రాత్రంతా నిలబడి చేసిన ఓటీ పోగొట్టుకుంటది.

టైమ్ సంగతి అయిపోయింది, డబ్బుకి వస్తా. గంటకి 70 అంటే నిమిషానికి రూపాయి 16 పైసల 66..., అది ఎప్పటికీ తెగదు. చాలామంది ముందు నిమిషం రేటు కట్టుకొని 1.17 అని రౌండ్ చేసేస్తారు, 480 నిమిషాలకి 561.60 వస్తది, 1.16 వేస్తే 556.80 వస్తది, రెండూ 560 కాదు. ముందు గుణించు, చివర్లో భాగించు. రేటుని పైసల్లో పెట్టుకో, 70 రూపాయలు అంటే 7000. ఓటీ డబుల్ కాబట్టి ఓటీ నిమిషాల్ని రెండింతలు చేసి మామూలు నిమిషాలకి కలిపేస్తే ఒకే లెక్క అయిపోతది:

జీతం నిమిషాలు = మామూలు నిమిషాలు + 2 × ఓటీ నిమిషాలు
జీతం పైసలు = జీతం నిమిషాలు × 7000 ÷ 60

మొదటామెకి 480 + 210 = 690, దాన్ని 7000 తో గుణించి 60తో భాగిస్తే 80500 పైసలు, అంటే 805 రూపాయలు. రెండో ఆయనకి 480 + 150 = 630, 73500 పైసలు, 735. భాగహారం రోజూ చెయ్యొద్దు, వారం మొత్తం జీతం నిమిషాలు కూడేసి చివర్లో ఒక్కసారే చెయ్యి, రౌండింగ్ కూడా అక్కడ ఒక్కసారే.

పైసలెందుకు, రూపాయల్లోనే చుక్క పెట్టుకోవచ్చు కదా అంటావేమో. పైథాన్‌లో 0.1 కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 అని వస్తది. పైథాన్ తప్పు కాదు అది, ఫ్లోట్ (చుక్క ఉండే అంకె) అనేది లోపల 0, 1 అనే రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటది కాబట్టి పదో వంతు లాంటివి దాంట్లో కచ్చితంగా ఇమడవు. ఒక్క రోజుకి ఏం తేడా రాదు గానీ సరిగ్గా 480 దాటిందా లేదా అని పోల్చే దగ్గర, సరిగ్గా అర్ధ రూపాయి ఉండే దగ్గర ఇబ్బంది పెడతది. ఇంకోటి, పైథాన్ 3 రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 3 కాదు, 2 ఇస్తది, సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు పోవడం దాని పద్ధతి. మన మేస్త్రీకి అది చెప్పి ఒప్పించలేవు. పూర్ణాంకాల్లో పైసలు పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు. చివర్లో రూపాయికి తెచ్చేటప్పుడు నా సలహా ఏందంటే పైకే రౌండ్ చెయ్యి, మనిషికి రూపాయి లోపే కదా, ఎనభై మందికి కలిపినా వారానికి ఎనభై రూపాయలు కాదు, ఒక్క మనిషి ఒక్క రోజు కూలిలో ఏడో వంతు కూడా లేదు, దానికోసం మామ వద్దనడు.

వారం ఓటీ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పి తీరాల. ఆ పాత ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకి 9 గంటలు దాటినా, వారానికి 48 గంటలు దాటినా ఆ పైన గంటలకి మామూలు రేటుకి రెట్టింపు ఉండేది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిల్లో కూడా ఓటీకి రెట్టింపు రేటే. మీ మామ 8 దాటగానే ఓటీ ఇస్తా ఉండాడు, మంచిదే, రోజు లెక్కలో పాత 9 కంటే అది కూలీలకి మేలు. మరి ఏడో రోజు కూడా పనికొస్తే? రోజుకి సరిగ్గా 8 గంటలే చేసినా ఏడు రోజులకి 56 గంటలు, 48 దాటిన 8 గంటలు ఓటీ కిందికి పోవాల. నీ ప్రోగ్రామ్ రోజు ఒక్కటే చూస్తది కాబట్టి 7 × 560 = 3920 వేస్తది. రావాల్సింది 48 గంటలకి 3360, పైన 8 గంటలకి 1120, మొత్తం 4480. అంత తేడా!

దీన్ని రాసేటప్పుడు ఒకే నిమిషాన్ని రెండుసార్లు ఓటీలో వెయ్యకుండా చూస్కో. పద్ధతి ఏందంటే, ముందు రోజువారీగా మామూలు నిమిషాలు, ఓటీ నిమిషాలు విడదీసుకో, తర్వాత వారంలో ఉండే మామూలు నిమిషాలు మాత్రమే కూడి అవి 2880 దాటితే ఎంత దాటాయో అంత మామూలు లోంచి తీసి ఓటీకి కలుపు. రోజు ఓటీ ఇప్పటికే పక్కన ఉండాది కాబట్టి అది మళ్ళీ లెక్కలోకి రాదు.

ఈ 480, 2880, 30, రెండింతలు, 7000, ఇవన్నీ కోడ్ మధ్యలో ఎక్కడపడితే అక్కడ పూడ్చిపెట్టొద్దు. అన్నిట్నీ ఫైల్ మొదట్లో పేర్లు పెట్టి రాసుకో. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, మీ మామ వెనకాల నిలబడి చూసినా "రోజు_హద్దు = 480" అంటే ఏందో అర్థమవుతది. ఇక రేటు అయితే ఒక్క అంకెగా కూడా పెట్టొద్దు, ఏ తారీఖు నుంచి ఎంత అని చిన్న పట్టిక పెట్టుకో. సీజన్ మధ్యలో కాయ జోరుగా దిగి మనుషులు దొరక్కపోతే రేటు పెరగతది, అప్పుడు నువ్వు 7000 ని మార్చేస్తే పాత వారాలు మళ్ళీ తిప్పినప్పుడు వాటి జీతాలు కూడా మారిపోతాయి, ఇచ్చేసిన డబ్బుకి కాయితానికి పొంతన ఉండదు.

ఇంతవరకు కంప్యూటర్ సంగతి. అసలు కష్టం దీనికి ముందే ఉండాది, రూలు ఏందో తేల్చుకోవడం. కోడ్ ముట్టుకోకముందు మామ, మేస్త్రీ, పాత కూలీలు ఇద్దరు ముగ్గురు, వీళ్ళతో కూర్చొని కాయితం మీద రాసుకో. ఆరుగంటలే చేసి పోతే ఆరుగంటల డబ్బులా, అరపూట కూలా? పది నిమిషాలు లేటుగా వస్తే కట్ చేస్తారా? అరగంట బ్రేక్ అందరికీ కోస్తారా, మూడు గంటలే చేసి జొరమొచ్చి ఇంటికి పోయినామెకి కూడా కోస్తారా? పాత ఫ్యాక్టరీల చట్టంలో అయిదు గంటలు వరసగా చేసేలోపు కనీసం అరగంట విరామం ఇవ్వాలని ఉండేది, కాబట్టి అయిదు గంటల లోపు చేసినోళ్ళకి బ్రేక్ కొయ్యొద్దు అని రాసుకోవచ్చు, ఇంకా మంచిది ఏందంటే బ్రేక్‌కి ఒక కాలమ్ పెట్టి దాంట్లో 30 అని ముందే వేసి ఉంచు, నిజంగా తినడానికి లేవనివ్వని రోజు మేస్త్రీ దాన్ని సున్నా చేస్తాడు.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఖాళీగా కూర్చున్న టైమ్. లారీ రాలేదు, లేదా కరెంటు పోయింది, లేదా కాయ ఇంకా మాగలేదని కటింగ్ మొదలుపెట్టలేదు, ఆడోళ్ళు నలభై మంది కత్తులు పట్టుకొని రెండు గంటలు ఊరికే కూర్చున్నారు. ఆ రెండు గంటలు లెక్కలో ఉండాయా లేవా? నా మట్టుకు నేను గేట్లోకి వచ్చినప్పట్నుంచి గేటు దాటి పోయేదాకా అంతా వాళ్ళ టైమే అంటాను. పొద్దున చీకట్లో లేచి వండిపెట్టి, ఊర్నుంచి ఆటోలో ఇరుక్కొని వచ్చిన మనిషి ఇంకో పనికి పోయే వీలు లేకుండా మీ దగ్గర కూర్చుంది. అయితే ఇది నువ్వు కోడ్‌లో నిర్ణయించేది కాదు, మామతో ముందే తేల్చి అందరికీ చెప్పి రాయాల్సింది. ప్రోగ్రామ్ రాసేవాడు తనకి తోచినట్టు ఒక ఇఫ్ పెట్టేస్తే అదే ఎనభై మందికి రూలైపోతది, ఎవరూ దాన్ని ఒప్పుకోకుండానే.

పదిహేను నిమిషాల రౌండింగ్ కూడా అంతే. కొన్నిచోట్ల 8:01 కి వస్తే 8:15 వేస్తారు, 5:14 కి పోతే 5:00 వేస్తారు, రెండు పక్కలా కూలీకే నష్టం, రోజుకి దాదాపు అరగంట. పుస్తకంలో చేత్తో లెక్క కట్టేటప్పుడు సుళువు కోసం పెట్టుకున్న పద్ధతి అది. ప్రోగ్రామ్‌కి 8:01 అయినా 8:15 అయినా ఒకటే కష్టం, మరి ఎందుకు? నిమిషం నిమిషానికి లెక్క కట్టు.

హాజరు ఎక్కించేటప్పుడు కొన్ని చూస్కో. పేరుతో కాదు, టోకెన్ నంబరుతో ఎక్కించు, మన పక్క మునెమ్మలు, చెంగమ్మలు ఒకే బ్యాచ్‌లో ముగ్గురేసి ఉంటారు. రైల్వే టైమ్‌లోనే రాయించు, 6:25 అని ఉంటే పొద్దునో సాయంత్రమో నీ ప్రోగ్రామ్‌కి తెలీదు. పోయిన టైమ్ రాయడం మర్చిపోయి ఉంటే నువ్వు 8 గంటలని ఊహించి వెయ్యొద్దు, సున్నా కూడా వెయ్యొద్దు, ఫలానా టోకెన్ ఫలానా తారీఖు అవుట్ లేదు అని చూపించి ఆగిపోవాల, మేస్త్రీని అడిగి నింపాక ముందుకి పోవాల. పదహారు గంటలు దాటి వచ్చినా అట్లాగే ఆగి అడగాల, నిజమే అయ్యుండొచ్చు, టైపింగ్ తప్పు అయ్యుండొచ్చు. దిద్దుబాటు ఉంటే పాత లైన్ చెరిపేసి కొత్తది రాయొద్దు, పాతది అట్లాగే ఉంచి కింద ఇంకో లైన్ వేసి ఎవరు చెప్తే మార్చారో రాసుకో, రెండు వారాల తర్వాత గొడవొస్తే అదే నిన్ను కాపాడతది.

డేటా సీఎస్‌వీ ఫైల్లో (కామాలు పెట్టి విడదీసే మామూలు టెక్స్ట్ ఫైల్) పెట్టుకుంటే చాలు, ఎనభై మందికి డేటాబేస్ అక్కర్లేదు. పేర్లు తెలుగులో ఉంటే ఫైల్ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వు, లేకపోతే ఎక్సెల్‌లో తెరిస్తే పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనపడతాయి.

అసలు ప్రోగ్రామ్ ఎందుకు, ఎక్సెల్ చాలదా అని ఎవరైనా అంటారు. చాలుతుంది, కాకపోతే అక్కడా ఇదే మాదిరి గొయ్యి ఉండాది. ఎక్సెల్ టైమ్‌ని రోజులో భాగంగా దాచుకుంటది, 9:45 అని నీకు కనపడేది లోపల 0.40625. దాన్ని నేరుగా 70 తో గుణిస్తే 28 రూపాయల చిల్లర వస్తది, ముందు 24 తో గుణించాల. వారం మొత్తం కూడితే ఆరు రోజుల 9:45 లు 58:30 రావాల్సింది పోయి 10:30 అని చూపిస్తది, 24 దాటినప్పుడల్లా మళ్ళీ మొదటికి పోతది. సెల్ ఫార్మాట్‌లో గంటల అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే సరిగ్గా చూపిస్తది. నీకు పైథాన్ వస్తా ఉంది కాబట్టి పైథాన్‌లోనే చెయ్యి, రూలు ఎక్కడుందో ఒక్క చోట కనపడతది, ఎక్సెల్‌లో అయితే ఎవరో ఒక సెల్ మీద పొరపాటున నొక్కి ఫార్ములా పోగొట్టినా నెల దాకా తెలీదు.

అడ్వాన్స్‌ల లెక్క జీతం లెక్కతో కలపొద్దు. ముందు గంటల మీద వచ్చిన జీతం పూర్తిగా తేలాల, దాని కింద వేరే లైన్లో అడ్వాన్స్ కటింగ్, దాని కింద చేతికొచ్చేది. మే నెలలో గంగజాతరకని అడ్వాన్స్ తీస్కొని ఉంటారు దండిగా మంది, మొదటి వారమే మొత్తం కోసేస్తే ఇంటికి పట్టుకుపోయేదానికి ఏమీ మిగలదు. చట్టప్రకారం కూడా కటింగులన్నీ కలిపి మామూలుగా జీతంలో సగం దాటకూడదు, ఆ హద్దు ప్రోగ్రామ్‌లో పెట్టేయ్, మిగతా బాకీ తర్వాత వారానికి తనంతట తనే పోయేట్టు. పీఎఫ్, ఈఎస్ఐ ఉంటే వాటికి కూడా వేరే ఫంక్షన్ పెట్టు, ఈఎస్ఐలో కూలీ వాటా నూటికి 0.75, యజమాని వాటా 3.25, ఎవరికి వర్తిస్తదో మామ ఆడిటర్ని అడుగు.

స్లిప్ మాత్రం తెలుగులో వెయ్యాల, ఒక్క మొత్తం అంకె వేసి చేతిలో పెడితే ఎవరు చెక్ చేస్తారు? తారీఖు, వచ్చిన టైమ్, పోయిన టైమ్, బ్రేక్, మామూలు గంటలు, ఓటీ గంటలు, రేటు, అడ్వాన్స్, చేతికి ఎంత, రోజుకో లైన్. నీ ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే అందరికంటే ముందు పట్టుకునేది ఆ స్లిప్ చూసిన మనిషే, తను ఏ రోజు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తనకంటే బాగా ఎవరికీ గుర్తుండదు. చదువు రానోళ్ళకి బట్వాడా రోజు మేస్త్రీ చదివి వినిపించాల. ఇప్పుడు తక్కువొచ్చింది అంటా ఉండారే, వాళ్ళ మాట మీద కోపం తెచ్చుకోకుండా ఒక్కొక్కరి దగ్గరా కూర్చొని ఏ రోజు తేడా వచ్చిందో రాసుకో. తప్పు నీ కోడ్‌దే కాబట్టి పాత వారాలన్నీ కొత్త ప్రోగ్రామ్‌తో మళ్ళీ తిప్పి తక్కువ ఇచ్చినోళ్ళకి బాకీ ఇప్పించు. ఎక్కువ పోయినోళ్ళ దగ్గర వెనక్కి తీస్కోవద్దని నేనైతే మామకి చెప్తాను, వాళ్ళేం అడిగి తీస్కోలేదు, కానీ అది ఆయన ఇష్టం.

రాయడం మొదలుపెట్టే వరస చెప్తా. మొట్టమొదట టైమ్‌ని నిమిషాలు చేసే ఫంక్షన్ ఒక్కటే రాయి, ఇన్‌పుట్ ప్రింట్ ఏవీ దాంట్లో పెట్టొద్దు. తర్వాత ఒక షిఫ్ట్‌ని మామూలు, ఓటీగా విడదీసే ఫంక్షన్. తర్వాత వారం. తర్వాత డబ్బు. ఫైలు చదవడం, స్లిప్ వెయ్యడం అన్నిటికంటే చివర. ప్రతి ఫంక్షన్ అయ్యాక జవాబు ముందే చేత్తో కట్టి పెట్టుకున్న అంకెలతో చూస్కో. 8:00 నుంచి 16:30 కి 480 మామూలు, ఓటీ సున్నా, 560. 20:10 నుంచి 6:25 కి 480, 105, 805. 8:00 నుంచి 17:45 కి 480, 75, 735. 23:50 నుంచి 0:10 కి 20 నిమిషాలు, బ్రేక్ కొయ్యకుండా, 23 రూపాయల 33 పైసలు. పొద్దున 6 నుంచి మరుసటి పొద్దున 6 కి లోపల ఉన్నది 1440 నిమిషాలు, సున్నా కాదు, అయితే అడిగి నిర్ధారించుకున్నాకే ముందుకి పోవాల. ఏడు రోజులు ఎనిమిదేసి గంటలకి 4480. అవుట్ లేని లైన్‌కి జీతం రాకూడదు, ఎర్రర్ రావాల. 480 కి ఒక్క నిమిషం అటూ ఇటూ కూడా పెట్టి చూడు, ఎక్కువ తప్పులు ఆ అంచు దగ్గరే ఉంటాయి.

ఇవన్నీ సరిపోయాక కూడా రెండు వారాలు మామ నోటుబుక్కు, నీ ప్రోగ్రామ్ పక్కపక్కనే నడపండి, మనిషి మనిషికీ పోల్చండి. తేడా వస్తే ప్రతిసారీ నీదే తప్పనుకోవద్దు, నోటుబుక్కులో కూడా చుక్క పెట్టి కూడే అలవాటు ఉంటే అక్కడా ఇదే తప్పు ఉంటది. పాత ఫంక్షన్ తీసేసి కొత్తది రాసి చూడు, ఏ టెస్టు దగ్గర ఆగిందో, వచ్చిన టైమ్, పోయిన టైమ్, నీకొచ్చిన అంకె, ఈ మూడూ రాసి పెట్టు, చూసి చెప్తా.